పక్షుల వరకే

బైండింగు షెడ్డు, నది దిగువ
మార్చి మొదటి వారం

వదినగారికి,

ఆ మాట రాశాక కొట్టేద్దామా అని చాలాసేపు ఆలోచించాను. మొన్నటి చలికాలం దాకా మీ అమ్మాయి నాకు కోడలు, మీరు నాకు వియ్యపురాలు. పిల్లలిద్దరూ విడిపోయినట్టు కోర్టువాళ్ళు కాగితం ఇచ్చారు గానీ, ఇకమీదట మనిద్దరం ఒకరినొకరం ఏమని పిలుచుకోవాలో అందులో ఎక్కడా రాయలేదు. ఇంకో పిలుపు దొరికేదాకా దీంతోనే సర్దుకుంటాను. తప్పయితే మన్నించండి.

ఉత్తరం ఎందుకంటారా, మీకు ఫోన్ చేయనని మావాడికి మాటిచ్చాను. "ఇక ఆ ఇంటికి ఫోన్లు వద్దమ్మా, అందరికీ ఇబ్బంది" అన్నాడు. సరేనన్నాను. ఉత్తరాల ఊసు వాడూ ఎత్తలేదు, నేనూ గుర్తుచేయలేదు.

విషయం ఏమిటంటే, వానకోయిలలు వచ్చేశాయి. మధ్యాహ్నం మీ అన్నయ్యగారు కటింగు మిషను దగ్గర పుస్తకాల అంచులు కోస్తున్నారు, నేను అచ్చు ఫారాలు మడతపెడుతున్నాను. వెంటిలేటరులోంచి ఏదో నీడ దూసుకొచ్చి నా చేతుల మీదుగా వెళ్ళింది. తలెత్తేలోపు ఇంకోటి. పోయినేడు దూలానికి కట్టుకున్న మట్టిగూడు చుట్టూ రెండూ తిరిగి, దాని అంచున వాలి, ఖాళీ చేసిన అద్దె ఇంటికి మళ్ళీ వచ్చినవాళ్ళలా గోడలన్నీ పరీక్షగా చూశాయి. ఆయన మిషను ఆపకుండానే, "మీవాళ్ళు దిగారు" అన్నారు. ఆయనకు పక్షులన్నీ నా పుట్టింటివాళ్ళే కదా.

పక్షుల సంఘంవాళ్ళ వసంతకాలపు పట్టీ కూడా వచ్చింది. ఏటా లాగే నది దిగువకు ఒక వరస గడులు, ఎగువకు ఒక వరస. ఏ పక్షి మా ఊరికి ఎప్పుడొచ్చింది, అక్కణ్ణుంచి మీ ఊరికి ఎప్పుడు చేరింది అన్నదే వాళ్ళకు కావలసింది. ఇన్నేళ్ళూ ఇద్దరం కలిసి నింపాం. ఈ ఏడు సగం గడులు ఖాళీగా పంపడానికి చేయి రావడంలేదు.

మీకు ఇష్టం లేకపోతే జవాబు రాయకండి, నేనేమీ అనుకోను. కానీ ఒక జంట మా దగ్గర ఆగింది, మిగతా గుంపు నది వెంట మీ వైపు బయల్దేరింది. ఆ సంగతి తెలిసీ మీకు చెప్పకుండా ఉండడం నావల్ల కాలేదు.

ఇట్లు,
బైండింగువాళ్ళావిడ

*

నీళ్ళ ప్లాంటు లాబొరేటరీ, నది ఎగువ
మార్చి మూడో వారం

నమస్కారం.

మీ ఉత్తరం అందింది. వానకోయిలలు నిన్న మధ్యాహ్నం మా ఊరు చేరాయి. మడ్డి తేర్చే చెరువు మీద నీళ్ళను రాసుకుంటూ తిరిగాయి. పెద్ద తొట్టిలో బుడుబుంగల జంట. నది నీళ్ళు లోపలికి వచ్చే తూము దగ్గర కొలత కర్ర మీద లకుముకిపిట్ట. ఇసుక గుట్టల వెనక తీతువులు రెండు. అరుపు మాత్రం ఇరవైమందికి సరిపడా ఉంది.

మా వైపు గడులు నేను నింపుతాను. దానికి రెండు షరతులు. మీ అబ్బాయి గురించి రాయకండి. మా అమ్మాయి గురించి అడగకండి. పక్షుల వరకే అయితే నాకు అభ్యంతరం లేదు.

ఉంటాను.

తా.క. వానకోయిలలు ఆరోగ్యంగా ఉన్నాయి. మీ ఊళ్ళో బాగానే మేపి పంపినట్టున్నారు.

*

బైండింగు షెడ్డు
మార్చి చివర

వదినగారికి,

షరతులు రెండూ ఒప్పుకున్నాను. చివర మీరు పెట్టిన ఆ తాజాకలం ముక్క మాత్రం మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను.

గూటికి మరమ్మతులు మొదలయ్యాయి. వెనక వీధిలో పగిలిన కుళాయి దగ్గర బురద ముక్కున కరుచుకొచ్చి పూస్తున్నాయి. ఆ కుళాయి బాగుచేయమని మునిసిపాలిటీకి అర్జీ పెట్టింది నేనే. ఇప్పుడు వాళ్ళు రాకుండా ఉంటే బాగుండునని చూస్తున్నాను.

గూడు సరిగ్గా మేం అట్టలు ఆరబెట్టే బల్ల మీదికి ఉంది. మొన్న ఒక లావుపాటి నిఘంటువుకు కొత్తగా బట్ట అతికి పెడితే దాని మీద తెల్లటి చుక్క పడింది. మీ అన్నయ్యగారు దాన్ని చూసి, మొదటి పేజీ తెరవకముందే ఫుల్‌స్టాపు పెట్టేశాయి అన్నారు. మర్నాడు గూటి కింద అడ్డంగా ఓ చెక్క వెలిసింది. అది ఎవరు కొట్టారో రాయను. మీ షరతు ప్రకారం ఆ చెక్క తనంతట తనే నిచ్చెన ఎక్కి, దూలానికి మేకులు దిగ్గొట్టుకుంది.

మీరు మొదటిసారి సంబంధం మాట్లాడడానికి మా ఇంటికి వచ్చిన రోజు గుర్తుందా? మాటలు అయిపోయి అందరూ ఎవరి గోళ్ళు వాళ్ళు చూసుకుంటున్నారు. పక్కింటి ఎండుచెట్టు మీద వడ్రంగిపిట్ట టకటకా కొట్టింది. మీరూ నేనూ ఒక్కసారే లేచి కిటికీ దగ్గర తలలు ఢీకొట్టుకున్నాం. ఆ తర్వాత పెళ్ళి మాటలు ఎవరు మాట్లాడారో, ఏం మాట్లాడారో నాకిప్పటికీ తెలియదు. మనం మాత్రం ఆ పిట్ట ఆడదా మగదా అని తేల్చుకునే పనిలో ఉన్నాం.

మొన్న కోర్టు వరండాలో చెరో స్తంభం దగ్గర నిలబడ్డాం. మీరు నావైపు చూడలేదు. నేనూ చూడలేదు. ఇది పక్షుల సంగతి కాదు, కొట్టేయాలి. కానీ మంచి కాగితం, పాడవుతుంది.

మీ,
బైండింగువాళ్ళావిడ

*

నీళ్ళ ప్లాంటు లాబొరేటరీ
ఏప్రిల్ రెండో వారం

వదినగారికి,

వరండాలో నేను మీవైపు చూడని మాట నిజం. చూస్తే ఏడుపొస్తుందని చూరు కింద కూర్చున్న పావురాన్ని చూస్తూ నిలబడ్డాను. పావురం పక్షే కాబట్టి ఇది రాయొచ్చు.

ఇక్కడ ఓ చిక్కు వచ్చిపడింది. ఏటా ఈ రోజుల్లో ఫిల్టరు తొట్లలో గులకరాళ్ళు మారుస్తాం. కొత్త గులక లారీల్లో తెచ్చి ఆవరణలో పరిచారు. దాని మీద తీతువు గుడ్లు పెట్టింది. గూడూ గీడూ ఏమీ లేదు. రాళ్ళ మధ్య చిన్న గుంట, అందులో నాలుగు గుడ్లు, మచ్చలతో సహా అచ్చం రాళ్ళే. నేను నీళ్ళ నమూనాల సీసాలు పట్టుకుని అటుగా పోతుంటే, తల్లి నా ముందు రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ నాటకమాడింది. అలా తెలిసింది గానీ లేకపోతే తొక్కేసేదాన్ని.

మా సూపరింటెండెంటుగారిని మేం ఫిల్టరు సారు అంటాం. ఏ మాటైనా ఆయన దగ్గర వడపోత అయితే గానీ బయటికి రాదు. వెళ్ళి చెప్పాను. ఊరంతటికీ నీళ్ళివ్వాల్సిన ప్లాంటు నాలుగు గుడ్ల కోసం ఆగదన్నారు. ఆ మాటలో తప్పు పట్టడానికేం లేదు. సాయంత్రం ఇంట్లో అన్నం ముందు కూర్చుని ఇదే చెప్పుకుని బాధపడ్డాను. ఎవరికి చెప్పుకున్నానన్నది వదిలేయండి. పొద్దున లేచేసరికి బల్ల మీద ఒక ప్లాను ఉంది. గులకను తూర్పు నుంచి తీసుకుంటూ వస్తే గుడ్లున్న చోటికి చేరేది చిట్టచివరనే అని చూపించి, లారీ ఎక్కడ వెనక్కి తిరగాలో, తాడు ఎంత దూరంలో కట్టాలో కొలతలతో సహా గీసి ఉంది. మీ చెక్క లాగే ఆ ప్లాను కూడా తనంతట తనే గీసుకుంది.

ఫిల్టరు సారు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. ఇంత ఇరుకులో లారీ తిరుగుతుందా అని అడిగారు. తిరుగుతుందన్నాం. ఆ మధ్యాహ్నమే తాడు కట్టించారు.

మా ఇంట్లో ఒక గది తలుపు చలికాలం నుంచి వేసే ఉండేది. ఈమధ్య తెరిచి ఉంటోంది. ఇది పక్షుల సంగతి కాదు, గాలీ వెలుతురూ సంగతి.

మీ,
వదిన

*

బైండింగు షెడ్డు
ఏప్రిల్ మూడో వారం

వదినగారికి,

"తిరుగుతుందన్నాం" అని రాశారు చూడండి, ఆ 'అన్నాం' నాకు ఎంత నచ్చిందో. ఇంకేమీ అడగను.

మా వైపు విశేషాలంటే బాతులు. చలికాలమంతా నది సముద్రంలో కలిసే మొగలో ఉన్న గుంపులు ఇప్పుడు కదులుతున్నాయి. సూదితోక బాతులు చాలామటుకు వెళ్ళిపోయాయి. చెంచామూతి బాతులు ఇంకా ఉన్నాయి; మూతి నీళ్ళలో పెట్టి ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా తిరుగుతాయి. కుచ్చుతల బాతుల్లో మగవాటి పక్కలు తెల్లగా ఉంటాయి, ఆడవాటివి గోధుమరంగు. ఎర్రతల బాతుల వీపు బూడిదరంగు, కొంచెం దూరం నుంచి చూస్తే తెల్లగా కనిపిస్తుంది, ఎండలో అయితే ఇంకా తెల్లగా కనిపిస్తుంది. చిన్న బాతుల రెక్కల మీద పచ్చటి పట్టీ ఉంటుంది. అది ఎగిరినప్పుడే తెలుస్తుంది. కూర్చుంటే తెలియదు. ఒక్కోసారి కూర్చున్నా తెలుస్తుంది.

వానకోయిల గుడ్లు పెట్టినట్టుంది, ఒకటి గూట్లోనే కూర్చుంటోంది.

ఇంకేదో రాద్దామనుకున్నాను. బాతుల సంగతి అయిపోయింది.

మీ,
వదిన

*

నీళ్ళ ప్లాంటు లాబొరేటరీ
ఏప్రిల్ చివర

వదినగారికి,

మీకు బాతులంటే పడదు. పోయినేడు మీరే అన్నారు, బల్ల మీద పెట్టిన బొమ్మల్లా ఉంటాయి, ఒక చలాకీ లేదు పాడూ లేదు అని. అలాంటి మీరు కూర్చున్న బాతు రెక్కల గురించి కూడా రాశారంటే, ఆ బాతుల వెనక ఎవరో దాక్కున్నారు.

షరతు పెట్టింది నేను. ఈ ఒక్క ఉత్తరానికి ఎత్తేస్తున్నాను. మంచైనా చెడైనా మీ నోటి నుంచే వినాలని ఉంది. చెప్పండి.

మీ,
వదిన

*

బైండింగు షెడ్డు
ఏప్రిల్ చివర

వదినగారికి,

మావాడు మళ్ళీ పెళ్ళి చేసుకుంటున్నాడు. జూన్‌లో. వాడి ఆఫీసులో పనిచేసే అమ్మాయి.

ఈ రెండు ముక్కలూ రాయలేకే అన్ని బాతుల్ని తోలుకొచ్చాను.

నాకు చెప్పింది ఈ నెల మొదట్లో. మొదట కోపం వచ్చింది. కాగితం మీద సిరా అయినా ఆరలేదు కదురా అన్నాను. వాడు తల వంచుకుని, "ఆరి రెండేళ్ళయిందమ్మా. కాగితమే ఆలస్యంగా వచ్చింది" అన్నాడు. ఆ రెండేళ్ళూ వాళ్ళు ఒకే ఇంట్లో రెండు గదుల్లో బతికారని మనిద్దరికీ తెలుసు. తెలిసీ పండక్కో పుట్టినరోజుకో ఫోన్లో ఇద్దరినీ కలిపి మాట్లాడించి సంతోషపడ్డాం.

కోపం తగ్గాక ఇంకో సంగతి గమనించాను. వాడు ఈల వేస్తున్నాడు. జిగురు కలుపుతూ, నిచ్చెన ఎక్కుతూ, తను కొట్టిన చెక్క తుడుస్తూ ఈల వేస్తున్నాడు. అది విని ఏ తల్లి సంతోషించకుండా ఉంటుంది? కానీ మా ఇంటి సంతోషం మీ గుమ్మంలో రాయిలా పడుతుందని తెలుసు. దాన్ని మీ ముందు ఏ మొహంతో పెట్టను?

ఆ అమ్మాయి తల్లి వచ్చి వెళ్ళారు. మంచి మనిషి, మాట మెత్తన. మాటల మధ్య ఊరికే ఉండలేక దూలం మీద గూడు చూపించాను. "పావురాలా అండీ?" అన్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియక లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చాను. గ్లాసు కడుగుతుంటే మీరు గుర్తొచ్చారు. ఆ గ్లాసు చాలాసేపు కడిగాను.

ఇదీ సంగతి. మీరు ఏమన్నా పడతాను.

మీ,
వదిన

*

బైండింగు షెడ్డు
మే రెండో వారం

వదినగారికి,

మీ దగ్గర్నుంచి జవాబు లేదు. రాకపోవడంలో న్యాయం ఉంది.

వానకోయిల పిల్లలు గూటి అంచు మీద వరసగా నోళ్ళు తెరుచుకుని కూర్చుంటున్నాయి. నెలాఖరుకు పట్టీ పంపాలి. మీ గడులు మీరు నేరుగా సంఘానికి పంపుకున్నా నాకు సమ్మతమే. మిమ్మల్ని ఇరుకున పెట్టాలని కాదు.

తీతువు గుడ్లు ఏమయ్యాయో మాత్రం ఒక కార్డు ముక్క రాయండి. అది పక్షుల సంగతే.

బైండింగువాళ్ళావిడ

*

నీళ్ళ ప్లాంటు లాబొరేటరీ
మే మూడో వారం

వదినగారికి,

మీ ఉత్తరం చదివి, మడిచి, రసాయనాల అలమరలో పెట్టి తాళం వేశాను. జవాబు రాయకపోవడానికి కారణం కోపం. మీ మీద కాదని అబద్ధం చెప్పను, మీ మీదే. మీ ఇంట్లో ఈలలు, మా ఇంట్లో మూసిన తలుపులు, ఇదెక్కడి లెక్క అనుకున్నాను. ఆ తలుపు ఇప్పుడిప్పుడే తెరుచుకుంటుంటే ఈ కబురు పట్టుకెళ్ళి ఎలా చెప్పను అని రోజూ వాయిదా వేస్తూ వచ్చాను.

తీతువు గుడ్లు పగిలి పిల్లలయిన రోజున చెప్పాను. అదీ చెప్పాలని కాదు, నోరు జారింది.

ఆ రోజు అమ్మాయి సెలవు పెట్టింది. అవును, మళ్ళీ పనిలో చేరింది, మీకు రాయలేదు. తాడు బయట చెరో స్టూలు వేసుకుని కూర్చున్నాం. నాలుగు పిల్లలూ తడి ఆరగానే లేచి నిలబడ్డాయి. దూదిపింజలకు పుల్లలు గుచ్చినట్టు ఆ కాళ్ళు. తల్లి నీళ్ళ వైపు నడుస్తూ పిలిచింది. అవి వెనకే పరుగు. దారికి అడ్డంగా గులక లారీ వస్తోంది. డ్రైవరు హారన్ మీద చేయి వేయబోతుంటే ఫిల్టరు సారు లారీ ముందుకొచ్చి, వేలు పెదవుల మీద పెట్టుకుని నిలబడ్డారు. ఆయన అంత గంభీరంగా ఏ మంత్రి వచ్చినప్పుడూ నిలబడలేదు. నాలుగూ దాటి గడ్డిలోకి దిగాయి.

 చివరి పిల్ల కనుమరుగు కాగానే మీ అబ్బాయి పెళ్ళి సంగతి చెప్పేశాను.

"నాకు తెలుసమ్మా" అంది.

మీవాడే దానికి ఫోన్ చేసి చెప్పాడట, మార్చిలోనే. మీకు చెప్పకముందే. ఎవరి ద్వారానో తెలిస్తే బాగుండదని అన్నాడట. ఆ రోజంతా ఏడ్చానంది. మర్నాడు లేచాక ఏడవడానికి బద్ధకం వేసిందట. మరి నాకెందుకు చెప్పలేదే అని అడిగాను.

"చెబితే నువ్వు అత్తయ్యకి ఉత్తరాలు మానేస్తావని" అంది.

నేను ఆ ఉత్తరాల సంగతి దానికి తెలియదనే అనుకున్నాను, వదినా. టపా వచ్చిన రోజుల్లో నేను కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తానట.

ఇంకో మాట కూడా అంది. అది మీకు ఉన్నదున్నట్టు రాయాలి. "మా పెళ్ళి వల్ల కుదిరిన జోడీ ఏదైనా ఉందంటే అది మీ ఇద్దరిదేనమ్మా. అది కూడా చెడగొట్టుకుంటే ఇక ఆ పెళ్ళికి మిగిలేదేముంది?"

 లాబొరేటరీలోకి వెళ్ళి అలమర తాళం తీశాను.

మీవాడు ఆ కబురు ముందు దానికే చెప్పాడని తెలిశాక నా కోపం సగం తగ్గింది. మిగతా సగం దగ్గరుంచుకుంటాను, ఎప్పుడైనా పనికొస్తుంది. వాడికి మేలు జరగాలనే నేనూ కోరుకుంటాను. ఇది చేతితో రాయగలిగాను కాబట్టి మనసులో కూడా ఉన్నట్టే.

ఆ కొత్త వియ్యపురాలికి మాత్రం మీరు పక్షుల్ని నేర్పకండి. ఆవిడ పావురాల దగ్గరే ఆగిపోవడం నాకు చాలా సౌకర్యంగా ఉంది.

ఈ నెలాఖరు ఆదివారం పొద్దుటి రైలుకు రండి. పట్టీ ఇక్కడే కూర్చుని నింపుదాం. తీతువు పిల్లలకు ఇంకా పూర్తిగా రెక్కలు రాలేదు, గడ్డిలోనే తిరుగుతున్నాయి.

మీ,
వదిన

*

బైండింగు షెడ్డు
మే ఆఖరు

వదినా,

క్షేమంగా చేరాను. మీ అన్నయ్యగారు స్టేషనుకొచ్చి, నా మొహం చూసి, ఎలా జరిగిందని అడగలేదు. ఏ ఏ పక్షులు కనిపించాయని అడిగారు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఇదే మొదటిసారి. ఇంటికొచ్చేదాకా చెబుతూనే ఉన్నాను, పాపం వింటూనే ఉన్నారు.

పట్టీ పొద్దున్నే టపాలో వేశాను. తూము గట్టు మీద చూసిన ఆ బూడిదరంగు పిట్ట దగ్గర మీ మాటా నా మాటా రెండూ రాశాను. సంఘంవాళ్ళు ఎవరు తప్పంటే వాళ్ళు ఒప్పుకోవాలి. ఇద్దరిదీ తప్పంటే సంఘానిదే తప్పు.

మీకు చెప్పని సంగతి ఒకటి ఉంది. మీ దగ్గర చెప్పబోయి ఊరుకున్నాను, నోటితో అయితే మధ్యలో ఆగిపోతానని.

 అమ్మాయికి ఏం చెప్పాలో దారి పొడుగునా కూర్చుకున్నాను. రైలు దిగగానే అది ఎదురొచ్చి సంచీ అందుకుని, "ఇందులో జిగురు డబ్బాలేమైనా తెచ్చారా, ఇంత బరువుంది?" అంది. కూర్చుకున్నవన్నీ పోయాయి. దారిలో తనంతట తనే అడిగింది, మావాడు చేసుకోబోయే అమ్మాయి ఎలా ఉంటుందని. బాగానే ఉంటుందమ్మా, నిదానస్తురాలు అన్నాను. ఆయనకు కావలసింది అదే, నాకు నిదానం ఎక్కడుంది అని నవ్వింది. నవ్వులో ఎక్కడా ముల్లు లేదు. నేను వెతికాను, లేదు.

తర్వాత మీరు మధ్యాహ్నపు నమూనాలు చూడడానికి లోపలికి వెళ్ళారు కదా. అమ్మాయి నన్ను తీతువు పిల్లల్ని చూపించడానికి గులక పక్కనుంచి తీసుకెళ్ళింది. ఎండగా ఉందని గొడుగు తెచ్చుకుంది. గడ్డి దగ్గరికి చేరామో లేదో తల్లి తీతువు పైకి లేచింది. అలవాటైన మనిషి కాబట్టి అమ్మాయిని ఏమీ అనలేదు. నేను కొత్తదాన్ని కదా, గోల చేసుకుంటూ సూటిగా నా నెత్తి మీదికే వచ్చింది. నేను తల రెండు చేతులతో కప్పుకుని అక్కడే కూలబడబోయాను. అమ్మాయి గబుక్కున నా పక్కకొచ్చి, గొడుగు నా తల మీదికి వంచి, నా భుజం చుట్టూ చేయి వేసింది. పైకి చూస్తూ, ఆ పక్షితో అంది:

"మావాళ్ళేనే, ఊరుకో."

నాతో అన్న మాట కాదది. పక్షితో అంది. అందుకే నేను విననట్టు నడిచాను.

పక్షి ఊరుకోలేదు లెండి. ఇంకో రెండుసార్లు నెత్తి మీదికి వచ్చింది. నాకు ఆ ఎండా తెలియలేదు, ఆ ముక్కూ తెలియలేదు.

మీ,
వదిన